అల్సరేటివ్ కొలైటిస్: ఏళ్ళ తరబడి మందు వాడితే ఎంతమందికి నిలుస్తుంది, దేనికి భయపడాలి?

తెలుసుకోవాలి
మా అన్నయ్యకి పెద్దపేగు మొత్తానికీ పాకిన అల్సరేటివ్ కొలైటిస్ (పేగు లోపలి పొర వాచి పుళ్ళు పడే జబ్బు). రోజూ మెసలమీన్ 2.4 గ్రాములు వేసుకుంటున్నా ఏడాదిలో రెండుసార్లు తిరగబెట్టింది. రెండుసార్లూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తోనే తగ్గించారు. ఇప్పుడు అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్ర) గానీ వెడోలిజుమాబ్ (డ్రిప్‌లో ఎక్కించే మందు) గానీ మొదలుపెడదాం అంటున్నారు డాక్టరుగారు. చదువుతుంటే వెడోలిజుమాబ్‌కి ఒకచోట ఏడాది తర్వాత 42 శాతం అదుపు అని ఉంది, ఇంకోచోట 31 అని ఉంది. మందు అదే, జబ్బు అదే, అంకెలెందుకు మారుతున్నాయి? పైగా అజాథయోప్రిన్‌తో లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అయిదు రెట్లు అని చూసి ఇంట్లో అందరూ హడలిపోయారు. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో అసలు ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

హారం_లవం
రెండంకెలూ నిజమే. కింద హారం మారింది.

42 సంగతి ముందు చూద్దాం. వెడోలిజుమాబ్ పెద్ద ట్రయల్ జెమినీ 1, 2013లో వచ్చింది. 6వ వారానికి మందుకు స్పందించినవాళ్ళు 47 శాతం. స్పందించినవాళ్ళని మాత్రమే మళ్ళీ విడగొట్టి కొందరికి మందు కొనసాగించారు, కొందరికి ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) ఇచ్చారు. 52వ వారానికి, 8 వారాలకోసారి మందు అందినవాళ్ళలో 41.8 శాతం అదుపులో ఉన్నారు, ప్లాసిబోలో 15.9. అంటే ఈ 41.8 మొదటి మెట్టు ఎక్కినవాళ్ళలో లెక్క. వందమందికి మొదలుపెడితే 47 మంది ఎక్కుతారు, వాళ్ళలో 42 శాతం అంటే 20 మంది.

31 అన్నది వర్సిటీ ట్రయల్‌ది, 2019. అందులో మొదటిరోజు చేరిన అందర్నీ ఏడాది చివరిదాకా ఒకే హారంలో ఉంచారు. వెడోలిజుమాబ్‌లో 31.3, దానితో పోల్చిన అడాలిముమాబ్ అనే ఇంకో మందులో 22.5.

టోఫాసిటినిబ్ అనే టాబ్లెట్ మీద జరిగిన ఆక్టేవ్ ట్రయల్ కూడా మొదటి రకమే. ఏడాదికి 5 మి.గ్రా. డోసులో 34.3, 10 మి.గ్రా.లో 40.6, ప్లాసిబోలో 11.1 అని చూసి మురిసిపోతారు గానీ, 8 వారాల్లో స్పందించనివాళ్ళు ఆ హారంలో లేనే లేరు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ యాక్ట్ 1 (2005) మాత్రం అందర్నీ లెక్కపెట్టింది: 54వ వారానికి 34.7, ప్లాసిబోలో 16.5. ఒక ట్రయల్ అంకెని ఇంకో ట్రయల్ అంకె పక్కన పెట్టి ఏ మందు గొప్పదో తేల్చడం కుదరదు.

పేగువైద్యం
లెక్క బాగుంది గానీ ఆ 20 మరీ తక్కువ చూపిస్తోంది. వెడోలిజుమాబ్ నెమ్మదిగా పనిచేసే మందు. 6వ వారానికి స్పందించనివాళ్ళలో కొందరు 10, 14 వారాలకి స్పందిస్తారు. మీ లెక్కలో వాళ్ళందరూ సున్నా అయిపోయారు. అసలు వైద్యంలో 14వ వారం వరకూ చూడకుండా ఈ మందు ఆపరు.

హారం_లవం
@పేగువైద్యం ఒప్పుకుంటా. 20 అడుగుగీత అనుకోండి. వర్సిటీలో 31 వచ్చిందంటే ఆ నెమ్మదిగా స్పందించేవాళ్ళూ అందులో కలిశారు కాబట్టి కొంత.

నిలకడ
వర్సిటీ గురించి సగమే చెప్పారు. అదే ట్రయల్‌లో స్టెరాయిడ్ లేకుండా అదుపులో ఉన్నవాళ్ళు వెడోలిజుమాబ్‌లో 12.6, అడాలిముమాబ్‌లో 21.8. తిరగబడింది కదా! స్టెరాయిడ్ మానాలనే కదా ఈ మందులకి పోయేది.

హారం_లవం
ఆ అంకె నిజమే. చేరేటప్పుడు స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళలో మాత్రమే తీసిన లెక్క అది, చిన్న గుంపు. స్టెరాయిడ్ తగ్గించే వేగం కూడా అందరికీ ఒకేలా కట్టుదిట్టంగా లేదు. అందుకని దాన్ని పట్టుకుని అడాలిముమాబ్ మేలు అననూ లేను, కొట్టిపారేయనూ లేను.

కొత్తగా_చేరా
ట్రయల్స్ వద్దు, మామూలు ఆసుపత్రుల్లో వాడినవాళ్ళ లెక్కలు చూస్తే సరిపోదా?

హారం_లవం
చూడాలి, కానీ వాటికీ రోగాలున్నాయి. ట్రయల్‌లోకి ముసలివాళ్ళని, కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్ళని, పాత క్యాన్సర్ ఉన్నవాళ్ళని, పురీషనాళానికే పరిమితమైనవాళ్ళని చాలావరకూ చేర్చుకోరు. మామూలు ఆసుపత్రి లెక్కలో వీళ్ళందరూ ఉంటారు, అది మంచిదే. చిక్కెక్కడంటే, ఎవరికి ఏ మందు ఇవ్వాలో డాక్టరు ఎంచుకుంటారు. 70 ఏళ్ళాయనకి, గుండెజబ్బు ఉన్నాయనకి వెడోలిజుమాబ్ ఇస్తారు, పాతికేళ్ళ కుర్రాడికి ఇంకోటి ఇస్తారు. తర్వాత ఇన్ఫెక్షన్లు లెక్కపెడితే వెడోలిజుమాబ్‌లో ఎక్కువ కనిపించొచ్చు, తప్పు మందుది కాకపోయినా.

రెండోది, "మూడేళ్ళ తర్వాత ఇంకా మందు మీద ఉన్నవాళ్ళు ఇంతమంది" అనే లెక్క. మందు మీద ఉన్నంత మాత్రాన పేగు మానిందని కాదు. ప్రత్యామ్నాయం లేకా ఉండొచ్చు. మూడోది, మధ్యలో రావడం మానేసినవాళ్ళని ఏ ఖాతాలో వేశారో చూడాలి. వాళ్ళని విఫలమైనట్టు లెక్కేసిన పరిశోధన అంకె తక్కువ ఉంటుంది, కానీ ఎక్కువ నమ్మొచ్చు.

మందుల_అర
మీరంతా బయోలాజిక్స్ (వెడోలిజుమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ప్రోటీన్ మందులు) దగ్గరికి ఎగిరిపోయారు. అసలాయన మెసలమీన్ 2.4 గ్రాముల మీదే ఉన్నారు. 4.8 దాకా పెంచి చూశారా? ఎనీమా పెట్టారా? జబ్బు పేగు మొత్తం ఉన్నా సరే, నోటి మందుకి ఎనీమా కలిపితే ఒక్క నోటి మందు కంటే బాగా పనిచేస్తుంది. చాలామందికి ఈ సంగతి చెప్పరు, చెప్పినా ఇష్టపడరు.

ఎనీమా రాత్రి పడుకోబోయే ముందు. మోషన్‌కి వెళ్ళి వచ్చాక సీసా బాగా కుదపాలి, అడుగున మందు పేరుకుపోతుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకుని, కుడి మోకాలు మడిచి, నెమ్మదిగా పిండాలి. వేగంగా పిండితే పేగు బిగుసుకుని మొత్తం బయటికి వచ్చేస్తుంది. సీసా మరీ చల్లగా ఉన్నా అంతే, చేతుల్లో కాసేపు పట్టుకుంటే చాలు. అరగంట అదే పక్కన ఉంటే మందు పైకి పాకుతుంది. రాత్రంతా ఆగితే మంచిది. జబ్బు బాగా రేగి ఉన్నప్పుడు ఆగదు. అప్పుడు ముందు 1 గ్రాము సపోజిటరీతో మొదలుపెట్టి కాస్త తగ్గాక ఎనీమాకి వెళ్ళొచ్చు.

టాబ్లెట్లు నలపకూడదు, విరవకూడదు. పైపొర పేగు కిందిదాకా కరక్కుండా ఉండాలి. మోషన్‌లో టాబ్లెట్ మొత్తంగా కనిపిస్తుంటే డాక్టరుకి చెప్పాలి, మందు లోపల విడుదల కావట్లేదేమో. పూటపూటకీ వేసుకోవడం కుదరకపోతే మొత్తం డోసు ఒకేసారి వేసుకున్నా పనితనం తగ్గదు.

ఇంకోమాట. అదుపులో ఉన్నప్పుడు రాసిన డోసులో 80 శాతం కూడా వేసుకోనివాళ్ళలో తిరగబెట్టడం అయిదు రెట్లకు పైగా ఉందని 2003లోనే తేల్చారు. మోషన్‌లో రక్తం ఆగగానే మందు మానేసేవాళ్ళే ఎక్కువ. "మెసలమీన్ పనిచేయలేదు" అని రాసిన ఫైల్లో ఎన్నిసార్లు అసలు మందు కడుపులోకే పోలేదో!

తెలుసుకోవాలి
@మందుల_అర వేసుకుంటున్నాడు, వదిన డబ్బాలో రోజువారీ సర్ది పెడుతుంది. ఎనీమా మాత్రం ఎవరూ రాయలేదు.

పేగువైద్యం
@మందుల_అర చెప్పిన ప్రతి మాటా సరైనదే. కానీ ఏడాదిలో రెండుసార్లు స్టెరాయిడ్ పడిందంటే మెసలమీన్ దాటి ఆలోచించాల్సిన సమయం వచ్చినట్టే. ఎనీమా కలపండి, డోసు పెంచండి, కానీ దాని పేరుమీద ఇంకో ఆరు నెలలు జారనీయొద్దు.

పై మెట్టు ఎక్కేముందు రెండు పరీక్షలు తప్పవు. మలంలో క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ టాక్సిన్ చూడాలి. ఈ ఇన్ఫెక్షన్ అచ్చం జబ్బు తిరగబెట్టినట్టే ఉంటుంది, దానికి స్టెరాయిడ్ పెంచితే ముంచుతుంది. స్టెరాయిడ్‌కి లొంగకపోతే చిన్న ఎండోస్కోపీ చేసి బయాప్సీలో సైటోమెగాలోవైరస్ చూడాలి. ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి వాడుతున్నారేమో కూడా అడగండి.

కొత్తగా_చేరా
ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. రోజూ అలా వేసుకుంటూ పోతే తిరగబెట్టకుండా ఉండదా? చిన్న డోసే కదా.

పేగువైద్యం
ఉండదు. స్టెరాయిడ్ మంట ఆర్పుతుంది, మళ్ళీ రాకుండా ఆపే గుణం దానికి లేదు. రోజూ చిన్న డోసు అని మొదలుపెట్టినవాళ్ళకి జబ్బు ఎలాగూ తిరగబెడుతుంది. ఎముకలు గుల్లబారడం, షుగరు, బీపీ, శుక్లాలు, ఇన్ఫెక్షన్లు అదనం. ఈ జబ్బులో ఏళ్ళ తరబడి వాడకూడనిది ఏదన్నా ఉంటే మొదట చెప్పాల్సింది స్టెరాయిడే. జనం లింఫోమాకి భయపడి అజాథయోప్రిన్ వద్దని, ఏడాదికి రెండు మూడు స్టెరాయిడ్ కోర్సులు వాడుతుంటారు. అసలు ప్రమాదం అక్కడుంది.

మామూలు పద్ధతి: 40 మి.గ్రా.తో మొదలు, తగ్గుముఖం పట్టాక వారానికి 5 మి.గ్రా. చొప్పున దించుతూ దాదాపు 8 వారాల్లో మానెయ్యడం. వాడినన్నాళ్ళూ కాల్షియం, విటమిన్ డి. మొదలుపెట్టిన మూడు నెలల్లో 10 మి.గ్రా. కిందికి దిగలేకపోయినా, మానిన మూడు నెలల్లోపు తిరగబెట్టినా దాన్ని స్టెరాయిడ్ మీద ఆధారపడటం అంటాం. అప్పుడు మందు మార్చాల్సిందే. ఎవరూ సొంతంగా ఠక్కున మానొద్దు, ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ చేసే అడ్రినల్ గ్రంథి నిద్రలో ఉంటుంది.

నిలకడ
సరే, ఆ లింఫోమా సంగతి తేల్చండి. అయిదు రెట్లు అంటే తక్కువేం కాదు.

హారం_లవం
రెట్లు వినగానే "దేనికి రెట్లు" అని అడగాలి. ఫ్రాన్స్‌లో 1,89,289 మంది ఐబీడీ (కొలైటిస్, క్రోన్స్ లాంటి పేగువాపు జబ్బులు) రోగుల లెక్క 2017లో వచ్చింది. 10,000 మందిని ఏడాదిపాటు చూస్తే లింఫోమా వచ్చినవాళ్ళు:
ఈ మందులేవీ వాడనివాళ్ళలో 2.6
థయోప్యూరిన్ (అజాథయోప్రిన్ జాతి మందు) ఒక్కటే వాడేవాళ్ళలో 5.4
యాంటీ టీఎన్‌ఎఫ్ (ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ జాతి మందు) ఒక్కటే వాడేవాళ్ళలో 4.1
రెండూ కలిపి వాడేవాళ్ళలో 9.5

వయసూ మిగతావీ సరిచేశాక అవి 2.6, 2.4, 6.1 రెట్లు. మీరు చదివిన అయిదు రెట్లు అంతకుముందు 2009లో వచ్చిన ఇంకో ఫ్రెంచి పరిశోధన, సిసేమ్‌ది. ఇప్పుడు అన్నయ్యకి అన్వయిస్తే, అజాథయోప్రిన్ వాడే 10,000 మందిలో ఏడాదికి అదనంగా ముగ్గురు. చిన్నదే, సున్నా మాత్రం కాదు. వయసు పెరిగేకొద్దీ పెరుగుతుంది. మందు మానాక తగ్గుతుంది.

మందుల_అర
ఆ సగటు అందరికీ ఒకటే అనుకోవద్దు. ఎప్స్టీన్ బార్ వైరస్ ఇంతవరకూ సోకని కుర్రాళ్ళలో అజాథయోప్రిన్ వేరే కథ. మందు మీద ఉండగా మొదటిసారి ఆ వైరస్ సోకితే ప్రాణం మీదికి రావచ్చు. రక్తపరీక్షతో ముందే తెలుస్తుంది. 35 ఏళ్ళలోపు మగవాళ్ళలో అజాథయోప్రిన్, యాంటీ టీఎన్‌ఎఫ్ రెండూ కలిపి రెండేళ్ళు దాటించడానికి డాక్టర్లు వెనకాడేది హెపటోస్ప్లెనిక్ టీ సెల్ లింఫోమా వల్ల. చాలా అరుదు, వస్తే మాత్రం మందు లేనట్టే.

అజాథయోప్రిన్ మొదలుపెట్టేముందు టీపీఎంటీ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు, ఎన్‌యూడీటీ15 కూడా చూడాలి (రెండూ ఈ మందు ఒంటికి పడుతుందో లేదో చెప్పే జన్యు పరీక్షలు). ఆసియా జనాల్లో తెల్లకణాలు కుప్పకూలడానికి ఎక్కువగా రెండోదే కారణం. ఆ జన్యువులో రెండు కాపీలూ దెబ్బతిన్నవాళ్ళకి మామూలు డోసు ఇస్తే కొన్ని వారాల్లోనే జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోతుంది, వెనకే తెల్లకణాలు పడిపోతాయి. జుట్టు రాలడం చూసి షాంపూ మార్చుకుంటూ కూర్చోవద్దు, ఆ రోజే సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించాలి.

డోసు కిలోకి 2 నుంచి 2.5 మి.గ్రా. మొదటి నెల వారానికోసారి సీబీసీ, లివర్ పరీక్షలు, తర్వాత కాస్త ఎడంగా, స్థిరపడ్డాక మూడు నెలలకోసారి, మందు ఉన్నన్నాళ్ళూ. మూడేళ్ళు బాగానే ఉంది కదా అని పరీక్షలు మానెయ్యడం పెద్ద తప్పు, కణాలు ఎప్పుడైనా పడొచ్చు. మొదటి నెలలో వీపులోకి పాకే కడుపునొప్పి వస్తే క్లోమం వాచిందేమో చూడాలి. అదే అయితే ఆ మందు మళ్ళీ జన్మలో వద్దు. గౌట్‌కి అలోప్యూరినాల్ వాడేవాళ్ళకి అజాథయోప్రిన్ మామూలు డోసులో ఇస్తే మజ్జ దెబ్బతింటుంది. ఇది మందుల చీటీలు రెండు వేర్వేరు డాక్టర్ల దగ్గర ఉన్నప్పుడు జరిగే ప్రమాదం.

పనిచేయడానికి మూడు నెలలు పడుతుంది. ఆలోపు స్టెరాయిడ్ వంతెనలా ఉండాలి.

డ్రిప్‌గది
ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వైపు వెళ్తే మొదటి డోసుకి ముందే ఛాతీ ఎక్స్‌రే, ఇగ్రా లేదా మాంటూ (రెండూ టీబీ పరీక్షలే), హెపటైటిస్ బి (సర్ఫేస్ యాంటిజెన్‌తో పాటు కోర్ యాంటీబాడీ కూడా) చూడాలి. సర్ఫేస్ యాంటిజెన్ నెగెటివ్ అని వదిలేస్తే పాత బి వైరస్ లేచి లివర్‌ని తినేస్తుంది. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్ళకి మాంటూ, ఇగ్రా తప్పుగా నెగెటివ్ రావచ్చు, అందుకే వీలైతే స్టెరాయిడ్ మొదలుకాకముందే ఈ పరీక్షలు అయిపోవాలి. దాగి ఉన్న టీబీ తేలితే దాని మందు మొదలుపెట్టి కనీసం నెల ఆగి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తాం.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలోకి 5 మి.గ్రా., 0, 2, 6 వారాలు, తర్వాత 8 వారాలకోసారి. 100 మి.గ్రా. వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్ గోడ వెంట పోసి మెల్లగా తిప్పాలి, కుదిపితే నురుగొచ్చి ప్రోటీన్ పాడవుతుంది. 250 మి.లీ. సెలైన్‌లో కలిపి ఫిల్టరున్న సెట్‌తో కనీసం రెండు గంటలు. వెడోలిజుమాబ్ 300 మి.గ్రా., 4.8 మి.లీ. నీళ్ళు. కరగడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, తొందరపడకూడదు. డ్రిప్ అరగంటలో అయిపోతుంది.

నెలల తరబడి మానేసి మళ్ళీ ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కి వచ్చేవాళ్ళంటే మాకు భయం. ఆ ఎడంలో శరీరం మందుకి యాంటీబాడీలు చేసుకుంటుంది. రెండోసారి ఎక్కించేటప్పుడు ఆయాసం, దద్దుర్లు, బీపీ పడిపోవడం. తేదీ తప్పబోతుంటే ముందే ఫోన్ చేయండి.

నిలకడ
ఇవన్నీ వింటుంటే వెడోలిజుమాబ్ పేగులోనే పనిచేస్తుంది కదా, అందరికీ అదే ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది.

పేగువైద్యం
ఇన్ఫెక్షన్ల లెక్కలో అది నెమ్మదైన మందే, ముసలివాళ్ళకి నేనూ మొదట అదే ఆలోచిస్తా. కానీ రోజుకి పదిసార్లు రక్తంతో వెళ్తూ, సీఆర్‌పీ (ఒంట్లో మంటని చూపే రక్తపరీక్ష) పెరిగి, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) పడిపోయిన మనిషికి 14 వారాలు ఆగే వ్యవధి లేదు. అక్కడ ఇన్‌ఫ్లిక్సిమాబ్. కీళ్ళవాపు, కళ్ళలో యువైటిస్ లాంటివి కూడా ఉంటే పేగుకే పరిమితమైన మందు వాటిని పట్టించుకోదు. ఆ మందు మంచితనం ఎక్కడుందో పరిమితీ అక్కడే ఉంది.

ఆల్బుమిన్ తక్కువ ఉన్నవాళ్ళలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ మోషన్‌లోనే కారిపోతుంది. మామూలు డోసు పనిచేయలేదని మందు మార్చేముందు, తర్వాతి డోసుకి ముందు రక్తంలో మందు స్థాయి, యాంటీబాడీలు చూడాలి. స్థాయి తక్కువ, యాంటీబాడీ లేదు: డోసు పెంచండి. యాంటీబాడీ బాగా ఉంది: అదే జాతిలో ఇంకో మందుకి వెళ్ళొచ్చు. స్థాయి నిండుగా ఉన్నా జబ్బు రేగుతోంది: దారి మార్చాలి.

కొత్తగా_చేరా
టోఫాసిటినిబ్ టాబ్లెట్టే కదా, డ్రిప్‌లు లేవు. గుండెపోటు అని చదివాను, అంత ప్రమాదమా?

మందుల_అర
ఆ హెచ్చరిక ఓరల్ సర్వైలెన్స్ ట్రయల్ నుంచి వచ్చింది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్న, 50 దాటిన, గుండెకి కనీసం ఒక రిస్కు ఉన్నవాళ్ళే అందులో. గుండెపోటు, పక్షవాతం లాంటివి టోఫాసిటినిబ్‌లో 3.4 శాతం, యాంటీ టీఎన్‌ఎఫ్‌లో 2.5. క్యాన్సర్లు 4.2, 2.9. పాతికేళ్ళ, సిగరెట్ ముట్టని కొలైటిస్ రోగికి ఇవే అంకెలు అంటగట్టలేం. 65 దాటిన, పొగతాగే, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకి మాత్రం వేరే దారి లేకపోతేనే.

ఈ జాతి మందుల్లో ఎక్కువగా ఎదురయ్యేది సర్పి. వీలైతే మొదలుపెట్టేముందే ప్రాణం లేని సర్పి టీకా రెండు డోసులూ వేయించాలి. 4 నుంచి 8 వారాలకి కొలెస్ట్రాల్, సీబీసీ. గర్భం ఆలోచనలో ఉన్న ఆడవాళ్ళకి ఇవి వద్దు. మెసలమీన్, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ అయితే గర్భంలో సాధారణంగా ఆపరు, ఆపితే జబ్బు రేగి బిడ్డకే చేటు.

మైక్రోస్కోప్
ఇంతసేపూ "అదుపు" అంటున్నారు, దేనితో కొలుస్తున్నారో ఎవరూ చెప్పలేదు. రక్తం ఆగడం ఒక్కటే కొలత కాదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు మంటని చూపే ప్రోటీన్) పరీక్ష చేయించండి. బాధలేమీ లేని మనిషికి 150 లోపు ఉంటే లోపల మంట దాదాపు లేనట్టే. 250 దాటి, మళ్ళీ చేసినా అలాగే ఉంటే బాధలు లేకపోయినా పేగు చూడాలి. ఒక్క రీడింగ్ చూసి మందు మార్చొద్దు. పొద్దున మొదటి మోషన్ నుంచి, ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో. నొప్పి మాత్రలు, గ్యాస్‌కి వాడే ఒమెప్రజోల్ జాతి మందులు కూడా దీన్ని పెంచుతాయి, చీటీలో రాయండి.

తెలుసుకోవాలి
చాలా తెలిసింది. రెండు ప్రశ్నలు మిగిలాయి. వెడోలిజుమాబ్ మొదలయ్యాక మెసలమీన్ కొనసాగించాలా? క్యాన్సర్ కోసం కొలొనోస్కోపీ ఎప్పటినుంచి?

మందుల_అర
బయోలాజిక్ పట్టుకుని అదుపు నిలిచాక మెసలమీన్ ఆపొచ్చనే ఇప్పటి ధోరణి, కలిపి వాడితే అదనపు లాభం కనబడలేదు. అజాథయోప్రిన్ ఎంచుకుంటే మాత్రం చాలామంది కొనసాగిస్తారు. అప్పుడు మెసలమీన్ తెల్లకణాలని ఇంకాస్త తగ్గించగలదు, సీబీసీ చదివేవాళ్ళు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. మెసలమీన్ ఉన్నన్నాళ్ళూ ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష. కిడ్నీ దెబ్బ అరుదు, కానీ నొప్పి లేకుండా వస్తుంది.

నిలకడ
కొలొనోస్కోపీ ఎనిమిదేళ్ళకి. అంటే జబ్బు పేరు తెలిసిన రోజు నుంచి కదా?

పేగువైద్యం
కాదు, మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి. రెండిటి మధ్యా ఏళ్ళు గడిచిపోయినవాళ్ళుంటారు, మొలలనుకుని ఊరుకుంటారు. కాబట్టి మొదటిసారి రక్తం ఎప్పుడు పడిందో అన్నయ్యని అడిగి ఫైలు మొదటి పేజీలో రాయించండి. తర్వాత ఎన్నేళ్ళకోసారి చూడాలన్నది మంట ఎంత ఉంది, కుటుంబంలో పేగు క్యాన్సర్ ఉందా అన్నదాన్ని బట్టి ఏడాది నుంచి అయిదేళ్ళ మధ్య. పిత్తనాళాలు కుంచించుకుపోయే పీఎస్‌సీ కూడా ఉంటే ఎనిమిదేళ్ళు ఆగరు, తెలిసిన రోజు నుంచి ఏటా. జబ్బు రేగి ఉన్నప్పుడు చేయిస్తే మంట వల్ల మారిన కణాలూ, చెడు కణాలూ విడదీయడం కష్టం, అందుకే ముందు అదుపులోకి తెచ్చుకుని చేయించండి.

తెలుసుకోవాలి
మొదట రక్తం చూసింది 2017లో, జబ్బు పేరు చెప్పింది 2021లో. అంటే ఎనిమిదేళ్ళు ఎప్పుడో నిండిపోయాయి. రేపే డాక్టరుగారికి చెప్తాం.

పేగువైద్యం
చెప్పండి. ఎన్‌యూడీటీ15, టీబీ, హెపటైటిస్ బి పరీక్షలకి రక్తం ఆ రోజే ఇచ్చేయండి. ఎన్‌యూడీటీ15 అజాథయోప్రిన్‌కి కావాలి, మిగతావి ఏ మందు ఎంచుకున్నా కావాలి, రిపోర్టులకి టైము పడుతుంది.